కర్గీ రోడ్‌లో మిలటరీ మావయ్య

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే దారిలో ఉస్లాపూర్, ఘుట్కూ, కల్మీటార్ దాటాక వచ్చే స్టేషను కర్గీ రోడ్. పలక మీద పేరు అదైనా ఊరు మాత్రం కోటా. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక మా ఉత్తరాంధ్ర వాళ్లు రైల్వే పనులకు ఇటు రావడం సులువైంది. డెబ్బయ్యో దశకం చివర్లో మా నాన్నకు అక్కడికి బదిలీ అయ్యేనాటికి క్వార్టర్లలో నాలుగైదు తెలుగిళ్లు ఉండేవి. అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు, అదంతా మధ్యప్రదేశే.

స్టేషను బయట టాంగాలు ఆగేవి. అడవి నుంచి వెదుళ్లు, బీడీ ఆకు గూడ్స్ షెడ్డుకు చేరేవి. చైత్రం వచ్చిందంటే ఇప్పపువ్వు వాసన క్వార్టర్ల దాకా కొట్టేది. చెరువు దగ్గర ధోబీల గాడిదలు, ఎండాకాలంలో ఇటుకలు మోసే గాడిదలు. వాటి వీపు మీద పుండు కనిపించని రోజు నాకు గుర్తులేదు.

మిలటరీ మావయ్య శ్రీకాకుళం మనిషి, లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్. అంతకుముందు సైన్యంలో గుర్రాలు, కంచరగాడిదలు చూసే దళంలో పనిచేశాడు. మీరట్‌లో నేర్చుకున్న విద్య చేతిలో ఉండిపోయింది. రెస్టు రోజున గూడ్స్ షెడ్డు పక్క వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి, డెక్కలు చెక్కే వంపు కత్తి, ఆకురాయి, టించర్ అయోడిన్ సీసా పెట్టుకుని కూర్చునేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. పశువుల ఆసుపత్రి లేకపోలేదు. కానీ అది ఆవులకూ గేదెలకూ అన్నట్టే నడిచేది. పాలివ్వని, నాగలి దున్నని జంతువును తోలుకెళ్లి వరసలో నిలబడడానికి ధోబీలకే మొహమాటంగా ఉండేది.

మేం పిల్లలం నీళ్లు మోసేవాళ్లం. మా అమ్మ పాత నేత చీరలు ఉడకబెట్టి, చింపి, కట్లకు ఇచ్చేది. మావయ్య ముందు పుండు జోలికి పోడు, జీను తిరగేసి చూస్తాడు. వెన్నుపూస మీద గట్టి కుట్టు తగులుతుంటే మందెన్ని రోజులు రాసినా ఏం లాభం? గోనెసంచిలో ఎండుగడ్డి కూరి, నడుమ వెన్నుకు తగలకుండా సందు వదిలి రెండు దిళ్లలా కుట్టించేవాడు. ఆ ఒక్క పనితోనే సగం పుండ్లు మానేవని నేను కళ్లారా చూశాను.

"గాడిద అరిచి గోలపెట్టదమ్మా. నొప్పెడితే కదలకుండా నిలబడిపోద్ది. ఊరుకుంది కదాని వదిలెయ్యకండి" అనేవాడు. మేత మానేసిన గాడిదంటే ఆయనకు భయం. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి రక్తంలో చేరి ప్రాణం తీస్తుందని తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ఆయన బెల్లంనీళ్లు పట్టుకుని దాని మూతి దగ్గరే కూర్చునేవాడు. వానాకాలం చెరువు బురదలో డెక్కలు నాని కుళ్లేవి. అది ఎండు నేలల జంతువు, దాని డెక్క నీళ్లను ఇట్టే పీల్చుకుంటుంది.

ఓసారి కుంటుతున్న గుర్రానికి టాంగావాలా ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టించి తీసుకొచ్చాడు. గాలి బాగా ఆడుతుందని ముక్కుపుటాలు చీల్చిన గాడిదలూ వచ్చేవి. నాకు ఏడుపొచ్చేది. మావయ్య మాత్రం ఎవరినీ తిట్టలేదు. "డాక్టర్ సాబ్, ఇది కూర్చుంటే మా ఇంట్లో పొయ్యి కూర్చుంటుంది" అన్నాడు టాంగావాలా. మావయ్య ఆ గుర్రం కాలెత్తి, లాడం కింద దిగిన మేకు పీకి చూపించాడు. గుర్రానికి మేకు గాయమంటే ధనుర్వాతం పొంచి ఉన్నట్టే. మర్నాడు సూదిమందు కోసం తన డబ్బుతో మనిషిని బిలాస్‌పూర్ పంపాడు. ఆ టాంగావాలా మళ్లీ ఏ జంతువుకూ వాత పెట్టించలేదు. పేదవాడి దగ్గరున్న జంతువును బతికించాలంటే ముందు ఆ పేదవాడికి మర్యాద ఇవ్వాలని నేను నమ్మడం అక్కడే మొదలైంది.

పెద్దయ్యాక డొరోతీ బ్రూక్ గురించి చదివాను. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో అమ్మేసి పోయిన గుర్రాలు కైరో వీధుల్లో ఎముకలగూళ్లై బండ్లు లాగుతుంటే ఆవిడ 1930లో చూసింది. మరుసటి ఏడాది లండన్ పత్రికకు ఉత్తరం రాసి చందాలు పోగుచేసింది. 1934లో అక్కడ ఉచిత ఆసుపత్రి తెరిచింది. ఆవిడ పేరిట నడిచే సంస్థ ఇవాళ మన దేశంలోనూ ఇటుక బట్టీల దగ్గర పనిచేస్తోంది. మా గేట్‌మన్‌కు ఆవిడ పేరు తెలిసే అవకాశమే లేదు. అయినా ఇద్దరిదీ ఒకటే పని.

మన దేశంలో 2012 పశుగణనలో మూడు లక్షల ఇరవై వేల గాడిదలుంటే, 2019 నాటికి లక్షా ఇరవై వేలే మిగిలాయి. ఆటోలూ ట్రాక్టర్లూ వచ్చాయి. తోలు కోసం, మాంసం కోసం దొంగచాటుగా చంపడమూ పెరిగింది. మిగిలినవి ఇంకా మోస్తూనే ఉన్నాయి. గాడిద మీద యాభై కిలోలకు మించి వేయకూడదని, ముప్పయ్యేడు డిగ్రీలు దాటిన ఎండలో పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదని 1965 నాటి నిబంధనలు చెబుతాయి. బట్టీలో తూకమెవరు వేస్తారు?

మీ ఊళ్లో ఇటుక బట్టీ ఉంటే, ఇసుకరేవు ఉంటే, అక్కడ గాడిదలు పనిచేస్తుంటే, తెలిసిన పశువైద్యుణ్ణి నెలకొకసారి అటు తీసుకెళ్లండి. ధనుర్వాతం టీకా వేయించండి, డెక్కలు చెక్కించండి, మెత్తటి జీను కుట్టించండి. వాటి యజమానితో మర్యాదగా మాట్లాడండి.