అవ్వ సీసా, పట్టుగూడు, నా చుక్కల ముగ్గు

వేమగల్ ఇంటికి పోయినప్పుడల్లా ల్యాప్‌టాప్ కూడా వస్తుంది, ఆఫీసు పని అక్కడా వదలదు కాబట్టి. పోయినేడాది ఉగాదికి రెండు రోజుల ముందు నడవలో కూర్చుని పని చేసుకుంటా ఉంటే, అవ్వ వెనకనుంచి తొంగి చూసింది.

"ఏం పాపా, ముగ్గుకు చుక్కలు పెట్టినావా? గీతలు యాడ?"

తెర మీద నిజంగానే చుక్కలే ఉన్నాయి. బెంగళూరులో నేను చేసే పని అదే. ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం ఏ అమైనో ఆమ్లాన్ని తాకుతా ఉందో లెక్కగట్టి, తాకిన చోటల్లా ఒక చుక్క పెట్టడం. పెళ్లిళ్లలో ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే "కంప్యూటర్లో బయాలజీ" అని తప్పించుకుంటాను. అవ్వ దగ్గర ఆ ఆటలు సాగవు.

అందుకే పట్టుగూడుతో మొదలుపెట్టినాను. మనవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, వెనక కొట్టంలో చంద్రికలు, రాత్రంతా వాన పడినట్టు పురుగులు ఆకు నమిలే చప్పుడు. గూడంటే ఒక్కటే పోగు, కొన్ని వందల మీటర్లు. పురుగు తల అటూ ఇటూ తిప్పుతా ఆ పోగును తన చుట్టూ పరిచి బంకతో అంటిస్తుంది. పోగు మీద వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్లు గూట్లో ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. వేడినీళ్లలో వేస్తే బంక వదిలి మళ్లీ ఉత్త పోగే చేతికొస్తుంది.

"ప్రోటీన్ కూడా అంతే అవ్వా. ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండ. ఏ పూస తర్వాత ఏ పూస అనేది వరుస. ఆ దండ సరిగ్గా మడతపడితేనే పని చేస్తుంది. మడతలో ఎవరి పక్కన ఎవరున్నారో నేను చూస్తాను."

అవ్వ ఒక నిమిషం ఆలోచించింది. "అంటే వరుసలో దూరమైనా, పంక్తిలో పక్కన కూర్చునేవాళ్లు."

చాలా క్లాసులు విన్నాను గానీ ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. మన తెలుగులో వరుస అంటే క్రమమూ అదే, చుట్టరికమూ అదే.

లెక్క పెద్ద కష్టం కాదు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పూసల నంబర్లు రాసుకుంటాం. ఏ రెండు పూసల మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌లకు లోపల ఉంటే అక్కడ చుక్క. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటర్లో పదికోట్లవ వంతు. ఐదో పూస నలభయ్యోదాన్ని తాకితే నలభయ్యోది ఐదోదాన్ని తాకినట్టే కదా, అందుకని చుక్కలు రెండు వైపులా అద్దంలో మాదిరి వస్తాయి. అవ్వకు ముగ్గులా కనబడింది అందుకే. వరుసలో పక్కపక్కనే ఉన్నవి ఎట్లాగూ దగ్గరే కాబట్టి వాటిని పక్కన పెడతాం. మడత రూపం ఎక్కువగా దూరపువాళ్ల చుక్కల్లోనే తెలుస్తుంది.

ఈ తాకిళ్ల లెక్కకు మన దక్షిణాదిలో పెద్ద చరిత్ర ఉంది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే: పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరికి రావచ్చు, ఎంత దగ్గరైతే కుదరదు? మరీ దగ్గరైపోయే మెలికలన్నీ తీసేస్తే, గొలుసు ఎన్ని రకాలుగా తిరగగలదో మిగిలినవాటిలో తెలిసిపోయింది. ఆ పటాన్నే ఇప్పుడు ప్రపంచమంతా రామచంద్రన్ ప్లాట్ అంటారు. తర్వాత ఆయన బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ మొదలుపెట్టారు. 1971లో అదే ఇన్‌స్టిట్యూట్‌కి ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎం. విజయన్ వచ్చారు. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఇన్సులిన్ మడతను కనిపెట్టినప్పుడు ఆ బృందంలో ఆయన ఒకరు. ఇన్సులిన్ వరుస సాంగర్ పుణ్యమా అని 1955 నాటికే తెలుసు. మడత తెలియడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది.

ఆ రోజు నా తెర మీద ఉన్నదీ ఇన్సులినే. అవ్వ రోజూ పొడుచుకునేదే.

ఇన్సులిన్‌లో రెండు గొలుసులు, 21 పూసలది ఒకటి, 30 పూసలది ఇంకొకటి. రెంటినీ గంధకపు ముడులు రెండు కలిపి పట్టుకుంటాయి. సీసాలో ఇవి ఒంటరిగా ఉండవు. రెండేసి జతకట్టి, మూడు జతలు జింకు చుట్టూ చేరి, ఆరుగురు కూర్చున్న పంక్తి అవుతాయి. చర్మం కింద ఆ పంక్తి లేచి విడిపోతేనే ఒక్కొక్కటీ రక్తంలోకి పోయి పని చేస్తుంది. అవ్వ అన్నానికి అరగంట ముందే సూది వేసుకునేది ఇందుకే. పెద్ద గొలుసులో 28, 29 స్థానాల పూసల్ని అటుదిటు మార్చి, జత పట్టు వదులయ్యేలా చేసిన లిస్‌ప్రో అనే రకం 1996లో మార్కెట్‌కి వచ్చింది. అది త్వరగా విడిపోతుంది, త్వరగా పని చేస్తుంది. ఏది దేన్ని తాకుతుందో తెలిస్తే ఇంత పని జరుగుతుందని అవ్వకు గొప్పగా చెప్పినాను.

ఇంత చెప్పిన దాన్ని, నా వెనక కిటికీలో ఉన్న సీసాని మాత్రం చూడలేదు.

ఉగాది అయిన మూడో రోజుకి అవ్వకు నీరసం. రాత్రి నాలుగైదుసార్లు లేస్తా ఉంది, ఎన్ని నీళ్లు తాగినా దాహమే. వేలికి గుచ్చి చూస్తే చక్కెర మూడువందలు దాటింది. అందరం ఒకటే మాట అన్నాం: "ఓళిగలు తిన్నావు." చిన్నాయన అరిచినాడు. అమ్మ ఫోన్లో అరిచింది. నేను అరవలేదు గానీ మెత్తగా లెక్చర్ ఇచ్చినాను. అది ఇంకా అన్యాయం.

"ఒక్కటే తిన్నాను" అనింది అవ్వ. ఎవరూ నమ్మలేదు. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

ఆ సాయంత్రం సూది నేనే వేస్తానని సీసా తీసి వెలుతురుకి పట్టినాను. అవ్వ వాడే రకం నీళ్లలా తేటగా ఉండాలి. లోపల సన్నటి పొగలాగా, పోగులు పోగులుగా తేలుతా ఉంది.

"ఫ్రిజ్ చెడిపోయి పది రోజులాయె. గాలొస్తాదని కిటికీలో పెట్టినా" అనింది.

గాలితోపాటు మధ్యాహ్నం ఎండ కూడా వస్తుంది ఆ కిటికీలోకి. వేడికి ఇన్సులిన్ మడత వదులవుతుంది. లోపల దాక్కుని ఉండాల్సిన, నీళ్లంటే గిట్టని భాగాలు బయటపడి పక్కదాన్ని పట్టుకుంటాయి, అది ఇంకోదాన్ని. అలా పొడుగ్గా పోగులైపోతుంది. ఆ పోగుల్లో గొలుసులు పక్కపక్కన చేరి ఒకదాన్నొకటి పట్టుకునే తీరు, మన పట్టుపోగులో ఉండే తీరుకి దగ్గరి చుట్టమే. పట్టుకి బలం ఇచ్చేది ఆ పట్టే. సీసాలో మందుని పాడుచేసేదీ అదే.

రాత్రే కోలారుకి పోయి డాక్టరుకి చూపించి కొత్త సీసా తెచ్చినాం. నాలుగు రోజుల్లో అవ్వ లేచి తిరిగింది. నేను ఆమె దగ్గర కూర్చుని, "తప్పైపోయింది అవ్వా, నువ్వు ఒక్కటే తిన్నావు" అన్నాను. "ఆ మాట మీ చిన్నాయనతో చెప్పు" అనింది. చెప్పినాను.

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊళ్లో, మనం ఎక్కడెక్కడో. అందుకని ఇది రాస్తున్నాను. విప్పని సీసా 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడే సీసాకి ఎండ, వేడి తగలకూడదు, ఎన్ని రోజులు వాడొచ్చో పెట్టెలో కాగితం మీద రాసి ఉంటుంది. కొన్ని రకాలు పుట్టుకతోనే పాలలా ఉంటాయి, మీ ఇంట్లోది ఏ రకమో డాక్టరుని అడిగి తెలుసుకోండి. ఒక్కోసారి చూడ్డానికి బాగున్నా లోపల పాడై ఉండొచ్చు. చక్కెర ఉన్నట్టుండి పెరిగితే, తిండిని తిట్టేముందు సీసాని కూడా అనుమానించండి.

ఇప్పుడు ఫ్రిజ్ బాగైంది. కరెంటు పోయే రోజులకని మట్టికుండ కూడా పెట్టినాం, చుట్టూ తడిగుడ్డ. అవ్వ రోజూ ఫోన్లో బాగున్నావా అని అడిగేముందే చెప్పేస్తుంది, "తేటగా ఉండాది పాపా."

ఈ ఉగాదికి డాక్టరుని అడిగి ఓళిగ నేనే వడ్డించినాను. అవ్వ ఒక్కటే తినింది.