మనోళ్ళు

మొన్న దసరా సెలవుల్లో ముగ్గురం హైదరాబాద్ పోయాం. బి.ఇడి. చదివేటప్పుడు ఒకే గది మాది. ఒకడి చొక్కా ఇంకొకడు తొడుక్కుని తిరిగినవాళ్ళం. నేను మాదిగోణ్ణి. ఒకడు చాకలోళ్ళ బిడ్డ. మూడోవాడు మా పక్కూరి మోతుబరి కొడుకు. ఇప్పుడు ముగ్గురం గవర్నమెంటు పంతుళ్ళమే.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి ఇరానీ హోటల్లో టీ తాగాం. తాగి, కప్పూ సాసరూ చేత పట్టుకుని లేచాను. కుళాయి ఎక్కడుందా అని నా కళ్ళు వెతుకుతున్నాయి. "ఏం కావాలి సార్?" అని సర్వరు కుర్రాడు అడిగేదాకా నేనేం చేస్తున్నానో నాకే తెలీలేదు. మోతుబరి కొడుకు పకపకా నవ్వాడు. "వీడి పెళ్ళాం బాగానే తోమిస్తందిరా!" నేనూ నవ్వాను. ఏం చెప్పను?

మా ఊరి టీ కొట్టు చూర్లో మా పల్లెకి వేరే సత్తు గ్లాసులు దోపి ఉండేవి. మా నాయన ఒకటి లాగి కడుక్కుని చాపితే కొట్టాయన పైనుంచి పోసేవాడు, తగలకుండా. తాగినాక మళ్ళీ కడిగి చూర్లో పెట్టాలి. మా రూపాయలకి మాత్రం వేరే డబ్బా ఉండేది కాదు. ఆ గ్లాసు ఎట్లా కడిగి పెట్టాలో నాయన నాకు నేర్పినాకే బళ్ళో వేశాడు. ఇప్పుడు నేను పిల్లలకి సాంఘికం చెప్తాను. 15వ అధికరణం, హోటళ్ళలోకి, బావుల దగ్గరికి కులం పేరుతో ఎవర్నీ రాకుండా ఆపగూడదని. రాజ్యాంగం అమల్లోకొచ్చింది 1950లో. మా చూర్లో గ్లాసులు పోయింది నేను పదో తరగతిలో ఉండగా. అదీ కొట్టాయన మనసు మారి కాదు, ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి. తాగి పారెయ్యొచ్చు.

మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఒడ్డుకి పోయాం. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం. 125 అడుగులు. కింద పార్లమెంటు ఆకారంలో కట్టిన పీఠమే 50 అడుగులు. మెడ పట్టేసిందాకా చూశాను. నన్ను మధ్యలో నిలబెట్టి ఫోటో తీయించింది మోతుబరి కొడుకే.

రాత్రి మటన్ బిర్యానీ. ఒకటే పెద్ద పళ్ళెం, ముగ్గురం చేతులు పెట్టాం. మూలుగ బొక్క వాడే ఏరి నా వైపు తోశాడు, నాకిష్టమని. ఆ ప్రేమ అబద్ధమని నేననను. అప్పుడే వాడికి ఫోనొచ్చింది. చేతులు ఎంగిలి గదా, మోచేత్తోనే అవస్థపడి స్పీకరు పెట్టాడు.

"తిన్నావా నాయనా?"

"తింటన్నామమ్మా."

"ఎవరెవరు?"

వాడు నా మొహం చూళ్ళేదు.

"మనోళ్ళేనమ్మా."

"అయితే సరే. ఎవరితోబడితే వాళ్ళతో కూచోబాక."

చాకలోళ్ళ బిడ్డ తలొంచుకుని ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటన్నాడు. వాడు మమ్మల్ని మనోళ్ళన్నాడో, లేకపోతే అమ్మకి కావలసిన మనోళ్ళని చెప్పాడో నేనడగలేదు. ఆమెకి ఏది వినపడిందో తెలుసు. వాళ్ళింటికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ వాకిట్లోనే కుర్చీ వేశారు. కాఫీ కాగితం గ్లాసులో ఇచ్చారు.

బిల్లు వాడు కట్టబోతే నేను కట్టనియ్యలేదు. సంక్రాంతికి మా ఇంటికి రారా, మా అమ్మ వండుద్ది అన్నాను.

"వస్తా" అన్నాడు.

"మీ అమ్మకి చెప్పి రా."

రైలెక్కిందాకా వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.