మంచుబొట్ల మొక్క

గడచిన యేడు కార్తికమాసమున మేము తూర్పుకనుమల పాదమునందలి యొక చెరువునకు షికారు పోయితిమి. కట్ట వెనుక, నీరూరుచు పచ్చికయైనను సరిగా మొలవని యిసుకనేల కొంత కలదు. అప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. గడ్డిమీది మంచు ఆరిపోయినది. అయినను జానెడెత్తున నిలిచిన కొన్ని సన్నని మొక్కలమీద మాత్రము బొట్లు తళతళలాడుచునే యుండెను. వ్రేలితో తాకి చూచితిమి. అది మంచు కాదు, జిగురు! ఒక యాకున కంటుకొనిన దోమ యింకను కాళ్లాడించుచుండెను.

అది డ్రోసిరా ఇండికా యను కీటకాహారి. గ్రీకుభాషలో ఆ పేరునకు మంచుతో తడిసినదని యర్థము. దీని చెల్లెలు డ్రోసిరా బర్మానై మన దేశముననే కలదు; అది రూపాయి బిళ్లవలె నేలకంటుకొని పెరుగును. పురుగు తగిలిన కొన్ని సెకండ్లలోనే దాని యంచు కేశములు లోనికి వంగును. పిమ్మట ఆకు రసమూరి పురుగులోని మెత్తని భాగమును కరగించి త్రాగును, పెంకు మిగులును.

ఇంగ్లండునందలి జాతిని 1860లో చూచిన డార్విను పదునైదేండ్లు పరిశీలించి 1875లో గ్రంథము ప్రకటించెను. వానచినుకులకు చలింపని యా కేశములు తలవెండ్రుక తునకకు వంగెనట!

లోకమున 200కు పైగా జాతులు గలవు. సగమునకు మించి ఆస్ట్రేలియాలోనివే. అచ్చట కొన్ని వేసవిలో నేలలోని దుంపగా మాత్రమే బ్రదుకును. కొన్ని వ్రేలిగోరంత యుండును. దక్షిణాఫ్రికాలోని డ్రోసిరా రీజియాకు మూరెడుకు మించిన యాకులుండును గాని, అది యొక్క లోయను విడిచి మరెచ్చటను సహజముగా పెరుగదు. బురదయైనను ఇసుకయైనను, వీనిలో మిక్కిలి జాతులు కోరునది నత్రజని లేని పేదనేలయే. ఆ కొరతను పురుగులచే తీర్చుకొనును.

ఇది తెలియకమునుపే మాకు జాలి కలిగినది. మూడు మొక్కలను పెకలించి తెచ్చి, కుండలో పశువుల పెంటయెరువు దండిగా వేసి నాటి, నూతినీరు పోసితిమి. తొమ్మిదవనాటికి మూడును నల్లబడి చచ్చెను. మాంసము తినుదానికి పెంట రుచింపలేదు కాబోలునని యింటివారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

ఈ యేడు వానలు వెనుకబట్టిన పిదప మరల పోయితిమి. ఆ నేలలో సగము చెరువుమట్టితో పూడ్చబడి యుండెను. అందు గడ్డి మోకాలిబంటి పెరిగినది. తక్కిన సగమున వెదకగా పదునొకండు మొక్కలు కానవచ్చెను. ఏటేట విత్తనమునుండియే మొలచునది గావున నేల పోయిన మొక్కయు పోవును. ఆ భూమిగల రైతు అచ్చటికి వచ్చి, వచ్చు వేసవిలో అదియు పూడ్చి నువ్వులు చల్లుదుననెను. మేము మొక్కను చూపి సంగతి చెప్పితిమి.

“ఇదా బాబూ, దోమల్ని తినేది?” అని యాతడు వంగి చాలసేపు చూచెను. పూడ్చుననియు చెప్పలేదు, మానుదుననియు చెప్పలేదు.