కనుమదారిలో కమురు వాసన

తిరుమలేశుని సేవించి, 1944లో వేసిన మొదటి కనుమదారిని మా పాత అంబాసిడరులో దిగుచుంటిమి. మలుపులకడ కమురు వాసన వచ్చుచు, కొంతసేపటికి మాయమగుచుండెను. నూనె కాలుచున్నదని మావారనిరి. అట్లైనచో నిన్న 1974 నాటి రెండవదారి నెక్కునపుడేల రాలేదని నేనంటిని. మాడిన దెయ్యదియో ముక్కుతో కనిపెట్టుట మనకు నిత్యకృత్యమే కదా, సోదరీమణులారా!

ఎఱ్ఱచందనపు చెట్లకడ, విశాలమైనచోట బండి నాపించి, చక్రములచెంత చేయి చాచితిని. మూడు గోరువెచ్చగా నుండెను. ముందఱి యెడమచక్రము పెనమువలె సెగలు గ్రక్కుచుండెను. పెడలునుండి కాలు తీసినను అచట బ్రేకు వెంటనే వదలుట లేదన్నమాట! వేడెక్కిన బ్రేకు లోయయంచున పట్టు విడిచిన నేమి గతి? చెంబెత్తిన మావారిని వారించితిని. కాలిన యినుము చన్నీటికి పగులవచ్చును. అది చల్లారువఱకు నాగి, రెండవ గేరులో మెల్లగా దిగితిమి.

తిరుపతిలో మెకానిక్కు విప్పి చూపెను: చక్రములోని బ్రేకు సిలిండరు త్రుప్పుపట్టి బిగిసియుండెను.