మా చేవెళ్ల రోడ్డు మీద హైబ్రిడ్ సెడాన్: సుఖం ఎంత? భద్రత ఎంత?

కారు కొంటున్నానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది “మైలేజ్ ఎంతిస్తది?” అనే. మా ఇంట్లో మాత్రం ఈసారి ఆ ప్రశ్న మూడో నంబర్‌కి వెళ్లిపోయింది. మాది చేవెళ్ల. నా ఆఫీసు గచ్చిబౌలిలో. చెల్లెలు మొయినాబాద్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతోంది. పోను రాను నాకు రోజుకి 80 కిలోమీటర్లు. ఈ రోడ్డు మీద తిరిగేవాళ్లకి 2025 నవంబరు 3 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రోజు పొద్దున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని ఢీకొట్టింది. 19 మంది పోయారు. కంకర మొత్తం బస్సులో కూర్చున్నవాళ్ల మీద పడింది. ఆ బస్సులన్నీ మేం ఎక్కే బస్సులే.

వారం తర్వాత అమ్మ అన్నది ఒకే మాట: “పైసలు జమ చేసినవ్ కదా, కారేదో జల్ది చూడు బిడ్డా. గట్టిగ ఉన్నది చూడు.” అట్లా మొదలైంది నా వెతుకులాట.

నాకు సెడాన్ అంటేనే ఇష్టం. నాయినకి మోకాళ్ల నొప్పులు, ఎత్తు బండ్లు ఎక్కలేడు. ట్రాఫిక్‌లో పెట్రోల్ తాగకుండా ఉంటుందని హైబ్రిడ్ వైపు చూశాను. మన దగ్గర మామూలు మనిషి చూడగలిగే స్ట్రాంగ్ హైబ్రిడ్ సెడాన్ అంటే హోండా సిటీ ఈ-హెచ్ఈవీ. 2022లో వచ్చింది. దాని పైన టొయోటా కామ్రీ ఉంది. 2024 డిసెంబరులో కొత్త మోడల్ వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధరే 48 లక్షలు. దాన్ని కొనే సీన్ మనకి లేదు. కానీ మా బావ మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్ ఉన్న ఒక సార్ దగ్గర డ్రైవర్. సార్ ఒప్పుకున్నాడు కాబట్టి ఒక ఆదివారం అందులో తిరిగాను. మంచి కారు అంటే ఏంటో తెలిస్తే, మన బడ్జెట్ కారులో ఏం తగ్గిందో కూడా తెలుస్తుంది కదా.

సుఖం సంగతి

రెండింట్లోనూ మొదట ఆశ్చర్యపరిచేది నిశ్శబ్దం. సిటీ హైబ్రిడ్‌లో తక్కువ స్పీడ్‌లో చక్రాల్ని తిప్పేది మోటారే. ఇంజిన్ జనరేటర్‌లా కరెంటు తయారు చేస్తూ వెనకుండి సాయం చేస్తుంది. హైవే స్పీడ్‌కి వచ్చాక ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకి కలుస్తుంది. అప్పా జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాళ్లకి దీని విలువ అర్థమవుతుంది. క్లచ్ లేదు, గేరు లేదు, కుదుపు లేదు. బ్రేక్ వేసినప్పుడల్లా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. అందుకే హైబ్రిడ్ మైలేజ్ ఖాళీ హైవే కన్నా ట్రాఫిక్‌లోనే ఎక్కువ మెరుస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌లో అమ్మని వెనక కూర్చోబెట్టాను. అంతా బాగుందన్నది కానీ ఒక డౌట్ అడిగింది: “గింత సప్పుడు లేకుంటే రోడ్డు మీద మేకలకెట్ల ఎరుకైతది?” నవ్వొచ్చింది గానీ మంచి ప్రశ్న. తక్కువ స్పీడ్‌లో బయటి వాళ్లకి వినిపించేలా చిన్న శబ్దం చేసే సిస్టమ్ ఇందులో ఉంది. మేకలు ఎంతవరకు పట్టించుకుంటాయో తెలియదు, మనుషులైతే తల తిప్పుతున్నారు.

కామ్రీ వెనక సీటు వేరే ప్రపంచం. వెనక్కి వాల్చుకోవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, ఏసీ కూడా వెనకవాళ్లకి వేరే. అది ఓనర్ కారు, డ్రైవర్ కారు కాదు. సిటీ మాత్రం నడిపేవాడికీ కూర్చునేవాళ్లకీ సమంగా ఉంటుంది.

ఒక చోట హైబ్రిడ్ సిటీ మా ఇంటికి సరిపోలేదు. పెట్రోల్ సిటీకి డిక్కీ 506 లీటర్లు. హైబ్రిడ్‌లో బ్యాటరీ అక్కడే కూర్చుంటుంది కాబట్టి 306 లీటర్లు. పొలం నుంచి కూరగాయల సంచులు, ఒక బియ్యం బస్తా, చెల్లెలి హాస్టల్ సామాను అంటే అయిపోయినట్టే.

హ్యాండ్లింగ్ సంగతి

మన రోడ్డు సంగతి తెలుసుగా. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. పేరుకి జాతీయ రహదారి 163, మధ్యలో డివైడర్ ఉండదు. రెండు పక్కలా పాత మర్రిచెట్లు. నాలుగు లైన్ల విస్తరణ పని ఆ చెట్ల విషయం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి ఆగింది. ఆ చెట్లంటే నాకూ ప్రాణమే. ఎండాకాలం వాటి నీడలో వెళ్తుంటే ఏసీ కూడా అక్కర్లేదనిపిస్తుంది. కానీ మలుపులో ఎదురుగా టిప్పర్ ఓవర్‌టేక్ చేస్తూ వస్తే తప్పుకోవడానికి పక్కన చోటు ఉండదు.

ఇలాంటి రోడ్డు మీద హ్యాండ్లింగ్ అంటే రేసింగ్ కాదు. రెండే ప్రశ్నలు. ఓవర్‌టేక్ తొందరగా అయిపోతుందా? సడన్‌గా బ్రేక్ కొట్టి పక్కకి తిప్పితే బండి మాట వింటుందా?

మొదటిదానికి హైబ్రిడ్‌కే మార్కులు. మోటారు టార్క్ వెంటనే అందుతుంది. ట్రాక్టర్‌ని దాటడానికి మామూలు ఆటోమేటిక్‌లోలా ఇంజిన్ అరిచేదాకా ఆగక్కర్లేదు. రెండోదానికి సిటీ బాగానే నిలబడింది. బరువు పెట్రోల్ సిటీ కన్నా ఎక్కువైనా తేడా భయపెట్టేది కాదు. స్టీరింగ్ వెనక పాడిల్స్‌తో మోటారు బ్రేకింగ్‌ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చిలుకూరు వైపు తిరిగే చోట రద్దీలో అది భలే పనికొచ్చింది.

కామ్రీ ఈ విషయంలో పెద్దన్న. గుంతల్ని మింగేస్తుంది, స్పీడ్‌లో నేలకి అతుక్కుపోతుంది. కానీ మా బావకి వేరే బాధ: “నడుపుతుంటె పానం హాయిగుంటది బావా. గుంత కనవడితే మాత్రం టైరు యాదికొస్తది.” 18 అంగుళాల చక్రం, పలచటి టైరు గోడ. పగిలితే జేబు కూడా పగులుతుంది.

భద్రత సంగతి

ఇక్కడే నా లెక్క మారింది. సిటీ హైబ్రిడ్‌లో 6 ఎయిర్‌బ్యాగులు, కామ్రీలో 9. రెండింట్లోనూ అడాస్ ఉంది. అంటే ముందు బండి దగ్గరైతే హెచ్చరించి, మనం వేయకపోతే తానే బ్రేక్ వేయడం, లేన్ దాటితే స్టీరింగ్ లాగడం, ఎదురు బండి రాగానే హైబీమ్ తగ్గించడం. సిటీ ఒక్క కెమెరాతో చూస్తుంది. కామ్రీకి కెమెరాతో పాటు రాడార్ కూడా ఉంది.

మన రోడ్డు మీద వీటిలో ఏది పనిచేస్తుంది? లేన్ అసిస్ట్‌కి గీతలు కనపడాలి. మొయినాబాద్ దాటాక చాలా చోట్ల గీత చెరిగిపోయింది, ఉన్నచోట మట్టి కప్పేసింది. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆటో హైబీమ్ మాత్రం రాత్రిళ్లు బంగారం. ఆటో బ్రేక్ చాలాసార్లు కాపాడుతుంది. కానీ లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ, పొగమంచు, దుమ్ము ఉన్నచోట కెమెరాకి కూడా మన కళ్లకున్న ఇబ్బందే.

ఇంకో మాట. ఈ తరం సిటీకి 2020లో ఆసియాన్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది. ముందు నుంచి ఢీకొట్టే టెస్టు గంటకి 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. కంకర నిండిన టిప్పర్‌తో కాదు. స్టార్లు మనల్ని చాలా ప్రమాదాల నుంచి కాపాడతాయి, అన్నింటి నుంచి కాదు. 80లో వెళ్లే కారుకి 60లో వెళ్లే కారు కన్నా దాదాపు 1.8 రెట్లు ఎక్కువ శక్తి ఉంటుంది. స్పీడ్ తగ్గించడమే అందరికీ ఫ్రీగా దొరికే సేఫ్టీ ఫీచర్.

బ్రోషర్ రెండుసార్లు చదివాక అసలు విషయం దొరికింది. అదే అడాస్, అవే 6 ఎయిర్‌బ్యాగులు పెట్రోల్ సిటీ టాప్ వేరియంట్‌లోనూ ఉన్నాయి. హైబ్రిడ్‌లో అదనంగా ఉన్న ముఖ్యమైనవి వెనక డిస్క్ బ్రేకులు, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్. అంటే హైబ్రిడ్‌కి మనం కట్టే అదనపు డబ్బులో ఎక్కువ భాగం భద్రతకి కాదు, మైలేజ్‌కీ నిశ్శబ్దానికీ.

సరే, ఆ లెక్క కూడా వేశాను. నాకిచ్చిన కొటేషన్లలో తేడా దాదాపు 4 లక్షలు. తెలంగాణలో ఈవీలకి రోడ్ ట్యాక్స్ మాఫీ ఉంది, హైబ్రిడ్‌కి లేదు. నెలకి 2,000 కిలోమీటర్లు. పెట్రోల్ బండి 15, హైబ్రిడ్ 22 ఇస్తాయనుకుంటే నెలకి 42 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 రూపాయలు వేసుకుంటే 4,500 దాకా. 4 లక్షలు తిరిగి రావడానికి ఏడేళ్ల పైనే. రోజంతా సిటీ ట్రాఫిక్‌లోనే ఉండేవాళ్లకి, నెలకి 3,000 దాటి తిరిగేవాళ్లకి ఈ లెక్క త్వరగా కుదురుతుంది. వాళ్లు హైబ్రిడ్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

నేను పెట్రోల్ టాప్ వేరియంట్ బుక్ చేశాను. వెనక డిస్క్ బ్రేకులు వదులుకున్నందుకు మనసు కొంచెం పీకుతోంది, నిజమే. మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకి పక్కన పెట్టాను. వెనక కూర్చున్నవాళ్లు బెల్ట్ పెట్టుకోకపోతే బండి కదలదని ఇంట్లో రూల్ పెట్టాం. నాయిన రెండు రోజులు గొణిగాడు, ఇప్పుడు చెల్లెలికి ఆయనే గుర్తు చేస్తున్నాడు.

అమ్మకి మాత్రం ఇంకో దిగులు. “మనకైతే కారొచ్చె. బస్సుల పోయేటోళ్ల సంగతేంది?” అన్నది. దానికి ఏ షోరూమ్‌లోనూ జవాబు లేదు. రోడ్డు మధ్యలో డివైడర్, టిప్పర్లకి స్పీడ్ కంట్రోల్, లోడుకి లెక్క, రాత్రి పూట లైట్లు ఉండాలి. 20 లక్షల కారులో ఉన్నవాడికీ, 50 రూపాయల టికెట్ తీసుకున్నవాడికీ ఒకేలా పనిచేసే సేఫ్టీ ఫీచర్లు ఇవే. ఈ రోడ్డు మీద మీరు కారు కొనండి, కొనకపోండి. అవి మాత్రం గట్టిగా అడుగుతూనే ఉండండి.