డీటాక్స్ చేద్దామని వెళ్లి ఆసుపత్రిలో తేలాం



పోయిన నెల మా రూమ్‌లో నలుగురం ఫోన్‌లో వీడియో చూసి డీటాక్స్ డైట్ మొదలుపెట్టాం. పొద్దున గ్లాసు నిమ్మరసం, రాత్రి గ్లాసు కీరా రసం, అంతే. మెస్ అన్నం బంద్. పైగా ఎండలో గ్రౌండ్ చుట్టూ పరుగు.

రెండో రోజు సాయంత్రం మాలో ఒకడికి కాళ్లు, నడుము ఒకటే నొప్పులు. వాడికి సికిల్ సెల్ ఉందని మాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ జబ్బున్నవాళ్లకి నొప్పులు తిరగబెడతాయని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. ఒంట్లో చెత్తని లివరు, కిడ్నీలు రోజూ తీసేస్తూనే ఉంటాయంట, దానికి పస్తులు అక్కర్లేదంట.

ఇంటి దగ్గర అమ్మ పోసే చోడి అంబలి గురించి హాస్టల్లో చెప్పడానికి సిగ్గుపడ్డది మేమే. ఇప్పుడు ఊరి నుంచి చోడిపిండి తెప్పించుకున్నాం. వాడి పక్కన నీళ్ల బాటిల్ ఖాళీగా ఉంటే ఎవరు చూస్తే వాళ్లు నింపుతున్నాం.

2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద మన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్ష చేస్తున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ డైట్ అయినా తర్వాత. ముందు ఆ పరీక్ష చేయించుకోండి.