ఎవరికి ఎంత చోటు?

పిల్లలూ! తిరుపతి అనగానే మీకు ఏడుకొండలు, గోవింద నామాలు, లడ్డూలు జ్ఞాపకం వస్తాయి. కొండమీద దర్శనం చేసుకొని మరునాడే రైలెక్కి వెళ్ళిపోయేవారు చాలామంది. అయితే ఆ ఊళ్ళోనూ, దాని చుట్టుపట్లా, జనం సేద తీరడానికీ, ఆడుకోవడానికీ, చూచి ఆనందించడానికీ తగిన చోట్లు ఎన్నో ఉన్నవి. వాటిలో మూడింటిని ఈ నెల చూచి వద్దాం. చూస్తున్నంతసేపూ ఒక్క ప్రశ్న మనసులో ఉంచుకుందాం: ఈ చోటు ఎవరికోసం? ఇందులో ఎవరి వాటా ఎంత?

మొదటిది ఊరి నడుమ ఉన్న ప్రకాశం పార్కు. ఇటువంటి ఊరి తోటలు మనుషుల కోసం ఏర్పడినవి. వీటిని నడపడం సులభమని మీరు అనుకోవచ్చు. కాని నలుగురు పిల్లలున్న ఇంట్లో ఒకే గదిని అందరూ పంచుకోవడం ఎంత కష్టమో, ఇదీ అంత కష్టమే. తాతయ్యలకు నీడలో బల్ల కావాలి. దాని పక్కనే బంతి ఆట ఉండరాదు. చిన్నపిల్లల ఉయ్యాల తల్లుల కంటికి ఆనే చోట ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి మెట్లు లేని దారి కావాలి. త్రాగే నీళ్ళు, మరుగుదొడ్డి, దీపాలు, చెత్త తొట్టి, ఇవన్నీ ఎక్కడెక్కడ ఉండాలో ముందే ఆలోచించాలి.

ఇంకొక సంగతి. మొక్క నాటడం ఒక పూట పని. రాయలసీమ ఎండలో దానికి నీళ్ళు పోసి బ్రతికించడం ఏళ్ళ తరబడి పని. అందుచేత తోట వేసేవారు పటం గీసేటప్పుడే, "రేపు దీనిని చూచేదెవరు? అందుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?" అని కూడా అడగాలి. తిరుపతి పురపాలక సంఘం 2007లో నగరపాలక సంస్థ అయినది. ఊరు పెరిగినకొద్దీ ఇళ్ళు పెరుగుతాయి, ఖాళీ జాగా తరుగుతుంది. ఒకసారి కట్టడం లేచిన చోట మళ్ళీ తోట రావడం చాలా అరుదు.

రెండవది శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల. శేషాచలం కొండల పాదాన, 1987 సెప్టెంబరు 29న దీనిని ప్రారంభించినారు. 1963లో తెరిచిన హైదరాబాదు జంతు ప్రదర్శనశాల సుమారు 380 ఎకరాలు. తిరుపతిది ఐదు వేల ఎకరాలకు మించినది! అందులో చాలా భాగాన్ని అడవిగానే ఉండనిచ్చినారు.

"అయ్యవారూ, ఇంత చోటు ఉన్నప్పుడు జంతువులకు కంచె ఎందుకు?" అని పిల్లలు అడుగుతూంటారు. మంచి ప్రశ్నే. ఇక్కడ చోటును రెండుగా పంచవలసి ఉంటుంది. జంతువుకు నీడ, నీరు, మనుషుల చూపు తగలకుండా దాక్కునే మరుగు కావాలి. మనకేమో దానిని చూడాలని ఉంటుంది. ఈ రెంటికీ నడుమ గీచిన గీతే కంచె, కందకం. అది జంతువును ఎంత కాపాడుతుందో మనలనూ అంతే కాపాడుతుంది. 2024 ఫిబ్రవరిలో ఒక మనిషి ఈ గీత దాటి సింహం ఆవరణలోకి దిగి, ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అందులో సింహం తప్పేమీ లేదు. తన ఇంట్లోకి వచ్చినవాడు చుట్టమో, శత్రువో దానికి తెలియదు గదా!

ఇక్కడ మరొక ఏర్పాటు కూడా ఉన్నది. సర్కసులలో సింహాలను, పులులను ఆడించరాదని 1998లో కేంద్ర ప్రభుత్వం ఉత్తరువు చేసినది. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. మరి ఆ జంతువుల గతి ఏమిటి? బోనులో పుట్టి పెరిగినవి అడవిలో వేటాడి బ్రతకలేవు. అటువంటివాటికి కడదాకా తిండీ, వైద్యమూ చూచే సంరక్షణ కేంద్రాలను దేశంలో కొన్నిచోట్ల పెట్టినారు. వాటిలో ఒకటి తిరుపతిలో ఉన్నది. మన వినోదం కోసం ఒక ప్రాణిని తెచ్చుకుంటే, వినోదం ముగిసిన తరువాత కూడా దాని భారం మనదే అన్నమాట.

ఇక మూడవ చోటికి పోదాం. తిరుపతినుంచి భాకరాపేట మీదుగా పోతే తలకోన వస్తుంది. అక్కడ 270 అడుగుల ఎత్తునుంచి నీరు దూకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంత ఎత్తయిన జలపాతం మరొకటి లేదంటారు. ఇది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలోది. ఆ వనం 353 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం చెట్లు, రాత్రిపూట మాత్రమే తిరిగే దేవాంగపిల్లి, రాతి సందులలో ఉండే బంగారు రంగు బల్లి ఈ కొండలలో ఉన్నవి.

ఈ చోటు మనుషుల కోసం ఏర్పడినది కాదు. అడవిది పెద్ద వాటా. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం. కాబట్టి మనకు కొన్ని దారులు, ఒక తాళ్ళ వంతెన, కొన్ని బసలు మాత్రమే ఇచ్చినారు. అటవీ శాఖవారితో కలిసి, దగ్గరి గ్రామస్థుల వన సంరక్షణ సమితి యాత్రికుల ఏర్పాట్లు చూస్తున్నది. ఇందులో గొప్ప తెలివి ఉన్నది. అడవి నిలిస్తేనే యాత్రికులు వస్తారు. యాత్రికులు వస్తేనే ఊరివారికి పని దొరుకుతుంది. అప్పుడు అడవిని కాచే కళ్ళు పదింతలవుతాయి.

అయినా ముప్పు లేకపోలేదు. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు, మంటలు ఆర్పడానికి హెలికాప్టర్లను కూడా రప్పించవలసి వచ్చినది. వేసవిలో ఎండుటాకుల మీద పడిన ఒక్క బీడీ ముక్క చాలు!

నిప్పుకన్న మెల్లగా చెరుపు చేసేది మన జాలి. కొండదారిలో కోతికి అరటిపండో, బిస్కట్టో విసిరితే అది సంతోషిస్తుంది, మనమూ సంతోషిస్తాం. కాని మరునాటినుంచి అది కాయలూ ఆకులూ వెతకడం మాని, రోడ్డు పక్కనే కాచుకుంటుంది, సంచులు లాక్కుంటుంది, బండ్ల కింద పడుతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ వనం 1872లో ఏర్పడినది. లోకంలో మొట్టమొదటి జాతీయ వనం అదే. అక్కడ ఎలుగుబంట్లు చాలాకాలం యాత్రికుల చేతి తిండికీ, చెత్తకుప్పలకూ అలవాటుపడి మనుషుల మీదికి రాసాగినవి. చివరకు 1970 ప్రాంతంలో ఆ చెత్తకుప్పలను మూసివేయవలసి వచ్చినది. మన కొండలలోనూ నేర్చుకోవలసిన పాఠం అదే.

చూచినారా! ఊరి తోటలో మన వాటా ఎక్కువ. జంతు ప్రదర్శనశాలలో సగపాలు. అడవిలో చాలా తక్కువ. మూడుచోట్లా ఒకేలా మెలగడం కుదరదు. ఈ తేడా తెలిసి చోటు పంచేవారే మంచి అధికారులు. తెలిసి మెలగేవారే మంచి యాత్రికులు.

ఇక మీకొక పని. మీ ఊళ్ళో తోట ఉంటే తోట, లేకుంటే చెరువుగట్టో, బడి ఆవరణో తీసుకోండి. అడుగులతో కొలిచి కాగితం మీద పటం గీయండి. చెట్లు ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, నీడ ఏ వేళ ఎటు పడుతుంది, అన్నీ గుర్తు పెట్టండి. ముసలివారు, పసివాళ్ళు, నడవలేనివారు, పక్షులు, వీరిలో ఎవరికి చోటు దొరకలేదో వెతకండి. ఆ పటాన్ని మీ ఉపాధ్యాయులకు చూపించి, పంచాయతీవారికో, పురపాలక సంఘంవారికో పంపండి. ఏ తోటయినా మొదట కాగితం మీదే మొలుస్తుంది.